క్యాన్సర్ చికిత్సలో ఉన్న పెద్దవాళ్లకు టీకాలు: ఏది, ఎప్పుడు, ఎలా వేయించాలి?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలాక టీకాల సంగతి ఎవరికీ గుర్తుండదు. బయాప్సీ రిపోర్టు, స్కాన్లు, డబ్బు సర్దుబాటు, ఆసుపత్రిలో ఎవరు తోడుండాలన్న టెన్షన్. మొదటి నెల అలాగే గడిచిపోతుంది. తర్వాతెప్పుడో కీమో మధ్యలో జలుబు కాస్తా న్యుమోనియాగా మారితే అప్పుడు గుర్తొస్తుంది, ముందే ఏదైనా టీకా వేయించి ఉంటే బాగుండేదేమో అని. అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "కీమోలో ఉన్న మనిషికి ఏ సూదీ వద్దు" అంటారు కొందరు. "ఏం ఫర్వాలేదు, వేయించేయండి, అందరికీ పనిచేసేదే కదా" అంటారు ఇంకొందరు. రెండింటినీ పూర్తిగా నమ్మకండి. చాలా టీకాలు కీమోలో ఉన్నవాళ్లకు సురక్షితమే, కానీ అందరిలో ఒకేలా పనిచేయవు. ఎంత పనిచేస్తాయన్నది క్యాన్సర్ పేరు కంటే వాడుతున్న మందును బట్టి, టీకా వేయించిన తేదీని బట్టి ఎక్కువగా మారుతుంది. అందుకే ముందు మీ ఫైలు బయటికి తీయండి.

1. ఒక కాగితం మీద ఈ వివరాలు రాయండి

మొదట, అది గడ్డగా వచ్చే క్యాన్సరా, రక్తానికి సంబంధించిన క్యాన్సరా? రొమ్ము, ఊపిరితిత్తులు, పేగు, గర్భాశయ ముఖద్వారం, నోరు ఇవన్నీ మొదటి రకం. లుకేమియా, లింఫోమా, మైలోమా రెండో రకం.

తర్వాత మందుల పేర్లు. డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటాయి. ముఖ్యంగా రిటుక్సిమాబ్ లేదా ఒబినుటుజుమాబ్ ఉందేమో వెతకండి. ఉంటే ఆఖరి డోసు ఎప్పుడు ఎక్కించారో తేదీతో సహా రాయండి. ఇబ్రుటినిబ్ లాంటి మాత్రలు వాడుతున్నారా? రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసొలోన్ రెండు వారాలకు మించి వాడుతున్నారా? బోన్ మ్యారో మార్పిడి జరిగిందా? ప్లీహం (స్ప్లీన్) తీసేశారా?

ఆఖరున, తర్వాతి కీమో తేదీ, ఇదివరకు వేయించుకున్న టీకాలు. చిన్నప్పటివి గుర్తుండవు, ఫర్వాలేదు. గత ఐదారేళ్లలో వేయించినవి రాస్తే చాలు.

ఈ కాగితం ఎందుకంటే, మన దగ్గర చాలామందికి చికిత్స ఒకచోట, ఇల్లు ఒకచోట. కీమో హైదరాబాద్ ఎంఎన్‌జేలోనో బసవతారకంలోనో విశాఖ హోమీ భాభాలోనో జరుగుతుంది. టీకా మాత్రం సొంతూళ్లో తెలిసిన డాక్టరు దగ్గర. ఆయనకు ఫైలంతా తిరగేసే తీరిక ఉండదు. ఒక్క కాగితమైతే చదువుతారు.

2. మీ మందుల్ని బట్టి టీకా ఎంత పనిచేస్తుందో అంచనా వేసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మిగతా నిర్ణయాలన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

క్యాన్సర్ రోగుల్లో టీకాలు ఎంత పనిచేస్తాయన్న లెక్కలు అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది కోవిడ్ సమయంలోనే. 2021లో నెదర్లాండ్స్‌లో గడ్డ రకం క్యాన్సర్లున్న వాళ్లకు మోడెర్నా టీకా రెండు డోసులు వేసి చూశారు. కీమోలో ఉన్నవాళ్లలో 84 శాతం మందికి తగినంతగా యాంటీబాడీలు వచ్చాయి. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) మాత్రమే తీసుకుంటున్న వాళ్లలో 93 శాతం మందికి, రెండూ కలిపి తీసుకుంటున్న వాళ్లలో 89 శాతం మందికి వచ్చాయి. క్యాన్సర్ లేనివాళ్లలో దాదాపు అందరికీ వచ్చాయి. కీమో టీకాను పూర్తిగా దెబ్బతీస్తుందన్న భయానికి ఇది మంచి జవాబు.

అదే ఏడాది బ్రిటన్‌లో చేసిన ఇంకో అధ్యయనంలో గడ్డ రకం క్యాన్సర్లలో 85 శాతం మందికి యాంటీబాడీలు వస్తే, రక్త క్యాన్సర్లలో 59 శాతం మందికే వచ్చాయి. లండన్‌లో ఫైజర్ టీకాతో చేసిన అధ్యయనం మరో విషయం చెప్పింది. ఒక్క డోసు తర్వాత చూస్తే గడ్డ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో 38 శాతం మందికే స్పందన కనిపించింది. మూడు వారాలకు రెండో డోసు పడ్డాక అది 95 శాతానికి వెళ్లింది. అంటే రెండు డోసుల టీకాను ఒక్క డోసుతో ఆపేయడం క్యాన్సర్ ఉన్నవాళ్లకు మామూలు వాళ్లకంటే ఎక్కువ నష్టం. "మొదటిదానికే చేయి నొప్పెట్టింది, ఇక చాల్లే" అనకండి.

ఇప్పుడు రిటుక్సిమాబ్ సంగతి (ఒబినుటుజుమాబ్‌దీ ఇదే కథ). యాంటీబాడీలు తయారవ్వాలంటే బి కణాలనే తెల్ల రక్తకణాలు కావాలి. ఈ మందు సరిగ్గా వాటినే తుడిచేస్తుంది. మళ్లీ అవి పుంజుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. ఆ మధ్యలో వేసే టీకా ఎండిన నారుమడిలో విత్తనం చల్లడం లాంటిది. హాని లేదు, మొలక కూడా పెద్దగా ఉండదు. కానీ ఒక మంచి విషయం ఉంది. ఎప్పటి నుంచో యాంటీబాడీలు తయారుచేస్తూ ఒంట్లో స్థిరపడిన ప్లాస్మా కణాలను ఈ మందు పట్టుకోదు. కాబట్టి రిటుక్సిమాబ్ మొదలవకముందు వేయించుకున్న టీకాల రక్షణ చాలావరకు నిలుస్తుంది. లింఫోమా అని తేలిన వారంలోనే టీకాల మాట ఎత్తాలనడానికి కారణం ఇదే.

సుమారుగా లెక్క వేసుకోవాలంటే ఇలా. ఆపరేషన్, రేడియేషన్ మాత్రమే జరిగినవాళ్లకు, టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు వాడేవాళ్లకు టీకా దాదాపు మామూలుగానే పనిచేస్తుంది. ఇమ్యునోథెరపీలో బాగా, కీమోలో కాస్త తక్కువగా. లుకేమియా, మైలోమాల్లో ఇంకా తక్కువగా, మనిషిని బట్టి మారుతూ. రిటుక్సిమాబ్ వేసిన ఆరు నెలల్లోపు, మార్పిడి జరిగిన తొలి నెలల్లో బాగా తక్కువగా.

యాంటీబాడీలు వచ్చాయంటే జబ్బు రాదని హామీ కాదు. ఫ్లూ టీకా విషయంలో కెనడాలోని ఒంటారియోలో 26 వేలమందికి పైగా క్యాన్సర్ రోగుల రికార్డులు చూశారు. పరీక్షలో తేలిన ఫ్లూను టీకా తగ్గించింది 21 శాతమే. గడ్డ రకం క్యాన్సర్లలో 25, రక్త క్యాన్సర్లలో 8. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో టీకా సరిగ్గా కుదిరిన ఏడాది ఇది 40 నుంచి 60 దాకా ఉంటుంది. ఇంత తక్కువైతే ఎందుకు వేయించాలని మీకు అనిపించవచ్చు. నా మట్టుకు నేను వేయించమనే అంటాను. కీమోలో ఉన్నవాళ్లకు ఫ్లూ వస్తే ఆసుపత్రి ఖర్చు ఒకటే నష్టం కాదు. తర్వాతి సైకిల్ వాయిదా పడుతుంది. ఫ్లూ వచ్చే నాలుగైదు సందర్భాల్లో ఒకటి తప్పినా ఆ ఖరీదుకు గిట్టుబాటే. ఇంకో సంగతి, అదే అధ్యయనంలో కీమో నడుస్తున్నవాళ్లకు, నడవనివాళ్లకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

3. లైవ్ టీకాలను పక్కన పెట్టండి

టీకాల్లో రెండు జాతులు. చంపేసిన సూక్ష్మజీవితోనో దాని ముక్కతోనో చేసినవి ఒకటి. బతికున్న సూక్ష్మజీవిని బలహీనపరిచి చేసినవి రెండోది. మొదటివాటితో జబ్బు రాదు, రోగనిరోధక శక్తి ఎంత తగ్గినా సరే. రెండోవి కీమోలో ఉన్నవాళ్లకు వేయకూడదు.

వద్దనాల్సినవి: తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా, పోలియో చుక్కలు, ఎల్లో ఫీవర్, బీసీజీ. మెదడువాపు టీకాలో లైవ్ రకం ఒకటి, చంపిన రకం ఒకటి రెండూ ఉన్నాయి కాబట్టి ఏదో అడిగి తెలుసుకోండి.

బీసీజీ గురించి రెండు మాటలు. ఈ మధ్య క్షయ నిర్మూలనలో భాగంగా కొన్ని రాష్ట్రాల్లో పెద్దవాళ్లకు కూడా బీసీజీ వేసే కార్యక్రమం నడిచింది. అరవై దాటినవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి అడిగితే క్యాన్సర్ చికిత్స సంగతి ముందే చెప్పండి. మూత్రాశయ క్యాన్సర్‌కు ట్యూబ్ ద్వారా లోపలికి ఎక్కించే బీసీజీ వేరు. అది చికిత్స, డాక్టరు చెప్పినట్టే కొనసాగించాలి.

లైవ్ టీకా తప్పనిసరైతే కీమో మొదలవడానికి కనీసం నాలుగు వారాల ముందు వేయించుకోవాలి. లేదంటే కీమో అయిపోయి కనీసం మూడు నెలలు గడవాలి. రిటుక్సిమాబ్ అయితే ఇంకా ఎక్కువ ఆగాలి. ఆ తేదీని క్యాన్సర్ డాక్టరే చెప్పాలి.

4. తేదీ ఖాయం చేయండి

కీమో ఇంకా మొదలవలేదా? అన్నిటికంటే మంచి సమయం ఇదే. మొదటి సైకిల్‌కు కనీసం రెండు వారాల ముందు టీకా పడితే మంచిది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు నుంచి నాలుగు వారాలని ఉంది. అయితే టీకా కోసం కీమోను మాత్రం వెనక్కి నెట్టకండి. చికిత్స తేదీ మొదట, టీకా తర్వాత.

కీమో నడుస్తోందా? చంపిన టీకాలు సైకిళ్ల మధ్య వేయించుకోవచ్చు. తర్వాతి కీమోకు రెండు మూడు రోజుల ముందు, రక్త కణాలు మళ్లీ పెరిగాక వేయించుకోవడం ఎక్కువమందికి వీలుగా ఉంటుంది. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో టీకా వేస్తే పనిచేయదని కాదు, జ్వరం వస్తే అది టీకాదో ఇన్ఫెక్షన్‌దో తేల్చుకోలేక అందరూ కంగారు పడతారు.

రిటుక్సిమాబ్ ఉందా? ఆఖరి డోసు నుంచి ఆరు నెలలు ఆగి మిగతా టీకాలు వేయించండి. ఫ్లూ టీకా మాత్రం సీజన్ వస్తే ఆగకూడదు, వేయించేయాలి. యాంటీబాడీలు తక్కువ వచ్చినా, టి కణాలనే మరో రకం తెల్ల కణాలు వైరస్‌ను గుర్తించడం కొంతవరకు నేర్చుకుంటాయి.

మార్పిడి జరిగిందా? ఇది వేరే కథ. చిన్నప్పటి నుంచి వేయించుకున్న టీకాల జ్ఞాపకం చాలావరకు చెరిగిపోతుంది. కాబట్టి పసిబిడ్డకు వేసినట్టు మళ్లీ మొదటి నుంచి వేయాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మూడో నెల నుంచే మొదలవ్వొచ్చు. ధనుర్వాతం, హెపటైటిస్-బి వగైరా ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య. ఎంఎంఆర్ లాంటి లైవ్ టీకాలు రెండేళ్లు నిండాకే, అదీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఆపేసి ఉంటేనే. మార్పిడి చేసిన ఆసుపత్రి రాతపూర్వకంగా షెడ్యూల్ ఇస్తుంది. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

ప్లీహం తీసే ఆపరేషన్ ఉంటే న్యుమోనియా, మెనింజైటిస్, హిబ్ (ఇదీ ఒక బ్యాక్టీరియానే) టీకాలు కనీసం రెండు వారాల ముందే పడాలి.

5. ఏ టీకాలు వేయించాలో వరుసగా చూసుకోండి

*ఫ్లూ.* ఏడాదికోసారి, సూది రూపంలోనే. అమెరికాలో అక్టోబరు అంటారు, దాన్ని చూసి ఇక్కడ అక్టోబరు దాకా ఆగకండి. మన దగ్గర ఫ్లూ ఎక్కువగా వానాకాలంలో, మళ్లీ కొంత జనవరి నుంచి మార్చి మధ్య వస్తుంది. కాబట్టి వానలకు ముందు, ఏప్రిల్-మే నెలల్లో ఆ ఏడాది కొత్త టీకా వచ్చిందేమో కనుక్కుని వేయించండి. పాత ఏడాది స్టాకు అంటగడతారేమో, పెట్టె మీద సంవత్సరం చూడండి.

*న్యుమోనియా.* రెండు రకాలున్నాయి, వరుస ముఖ్యం. ముందు కాంజుగేట్ టీకా, అంటే పీసీవీ. కనీసం ఎనిమిది వారాల తర్వాత 23 రకాల సూక్ష్మజీవులకు పనిచేసే పీపీఎస్‌వీ. పీసీవీ 20 దొరికితే ఆ ఒక్కటే చాలు, రెండోది అక్కర్లేదు. బి కణాలు బలహీనంగా ఉన్నవాళ్లలో పీపీఎస్‌వీ ఒక్కటే వేస్తే సరిగ్గా పనిచేయదు. ఇప్పటికే అది వేయించేసి ఉంటే ఏడాది ఆగి పీసీవీ వేయించండి. మైలోమా, దీర్ఘకాల లింఫోసైటిక్ లుకేమియా ఉన్నవాళ్లు దీన్ని అస్సలు వాయిదా వేయకూడదు. వాళ్ల యాంటీబాడీలు ఏటేటా తగ్గుతూ పోతాయి కాబట్టి జబ్బు తొలి దశలోనే వేయించుకోవడం మేలు.

*అక్కి.* దీన్నే సర్పి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ల నరాల్లో దాక్కున్న వైరస్ రోగనిరోధక శక్తి తగ్గగానే లేస్తుంది. రక్త క్యాన్సర్లలో, మార్పిడి తర్వాత బాగా ఎక్కువ. నేను చదివిన లెక్కల్లో క్యాన్సర్ రోగులకు అన్నిటికంటే బాగా పనిచేసిన టీకా ఇదే. పేరు షింగ్రిక్స్, లైవ్ టీకా కాదు. రక్త క్యాన్సర్ ఉన్న 562 మందిపై చేసిన పరీక్షలో అక్కిని 87 శాతం దాకా తగ్గించింది. సొంత మూలకణాలతో మార్పిడి జరిగిన 1846 మందిపై చేసిన ఇంకో పరీక్షలో 68 శాతం. రోగనిరోధక శక్తి అంత తగ్గినవాళ్లలో ఇలాంటి ఫలితం అరుదు. ఇందులోని అడ్జువెంట్, అంటే స్పందనను రెట్టించే పదార్థం, దానికి కారణం. గడ్డ రకం క్యాన్సర్లలో కీమో రోజునే వేసినవాళ్ల కంటే కొన్ని వారాల ముందు వేసినవాళ్లలో యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి.

ఇది 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు డోసులు. మామూలుగా రెండు నుంచి ఆరు నెలల ఎడంతో వేస్తారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఒకటి రెండు నెలల ఎడం చాలు. ధరే సమస్య, డోసు పది వేలు దాటుతుంది. డబ్బు అన్నిటికీ చాలదంటే నేనైతే ముందు ఫ్లూ, తర్వాత న్యుమోనియా, ఆ తర్వాత ఇది అనే వరుస పెడతాను. లింఫోమా, మైలోమా ఉన్నవాళ్లకు, మార్పిడికి వెళ్లేవాళ్లకు మాత్రం దీన్ని ముందుకు జరుపుతాను. టీకా వేయించినా వేయించకపోయినా ఒంటికి ఒకవైపు మంటతో పొక్కులు లేస్తే అక్కి రాయించుకోవడానికి కుమ్మరి ఇంటికి వెళ్లి కాలం పోగొట్టకండి. వైరస్ మందు మూడు రోజుల్లోపు మొదలైతేనే పూర్తిగా పనిచేస్తుంది.

*హెపటైటిస్-బి.* ఇక్కడ టీకా కంటే ముందు రక్తపరీక్ష. కీమోకు ముందు హెచ్‌బీఎస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ రెండూ చేయించారో లేదో ఫైల్లో చూడండి. వైరస్ ఇప్పటికే ఒంట్లో ఉంటే కీమోతో, ముఖ్యంగా రిటుక్సిమాబ్‌తో, ఒక్కసారిగా లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాళ్లకు టీకాతో పని లేదు. ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ లాంటి మాత్రలు కావాలి. రెండు పరీక్షలూ నెగెటివ్ వస్తే టీకా. మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. కీమోలో ఉన్నవాళ్లకు డాక్టరు రెట్టింపు డోసు రాయవచ్చు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయిస్తే 10 యూనిట్లు దాటాలి. పెద్దవాళ్ల టీకాల్లో పనిచేసిందో లేదో ఇంత తేలిగ్గా తెలుసుకోగలిగేది ఇదొక్కటే అనుకుంటాను. ధర కూడా తక్కువ. దీన్ని మన దేశంలోనే తయారుచేసి ధర దించింది 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్.

*ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు.* మూడూ కలిసిన టీడాప్ ఒకసారి, తర్వాత పదేళ్లకోసారి టీడీ, అంటే కోరింత దగ్గు భాగం లేనిది.

*కోవిడ్.* ఇప్పుడు ఇక్కడ టీకా దొరకడమే కష్టం. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు సీజన్ డోసులు అందుతున్నాయి. చికిత్సలో ఉంటే తీసుకోండి. అక్కడ వయసును బట్టి, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు టీకా కూడా ఇస్తారు.

*హెచ్‌పీవీ.* గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌కు టీకా. ఉన్న క్యాన్సర్‌ను ఇది తగ్గించదు. ఇంట్లో ఆడపిల్లలకు వేయించడం గురించి ఆలోచించండి.

ఇవన్నీ ఒకే రోజు వేయించాలన్న తొందర వద్దు. ఒకే రోజు రెండు వేయడంలో తప్పు లేదు, వేర్వేరు చేతులకు. షింగ్రిక్స్‌కు ఒళ్లు నొప్పులు, జ్వరం ఎక్కువ కాబట్టి దాన్ని విడిగా పెట్టుకుంటే తేలిక.

6. క్యాన్సర్ డాక్టరును ఇలా అడగండి

ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి. "టీకాలు వేయించొచ్చా సార్?" అని అడిగితే "తర్వాత చూద్దాం" అన్న జవాబే వస్తుంది. తేదీతో అడగండి. ఉదాహరణకు:

"మేడం, అమ్మకు నాలుగో కీమో 18న ఉంది. 15న ఫ్లూ టీకా, న్యుమోనియా పీసీవీ వేయిద్దామనుకుంటున్నాం. 14న సీబీసీ (రక్తకణాల లెక్క) చేయిస్తాం. వేయించొచ్చా? కణాలు ఎంత ఉంటే వద్దంటారు?"

అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నకు జవాబు వస్తుంది. వీలైతే ఓపీ చీటీ మీద రాయించుకోండి. ఊళ్లో డాక్టరుకు అది చూపిస్తే ఆయనకూ ధైర్యం.

7. వేయించుకునే రోజు

టీకా ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోజూ గంటలకొద్దీ కరెంటు పోయే చోట, బ్యాకప్ లేని షాపులో కొనకండి. షాపులో కొని ఇంకోచోట వేయించాలంటే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తీసుకెళ్లండి. ఐస్‌కు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే టీకా పాడవుతుంది.

రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసి ఉంటే ఆ వైపు చేతికి వేయించొద్దు, రెండో చేతికి. రెండు వైపులా తీసి ఉంటే తొడకు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే ముందే చెప్పండి. సన్న సూదితో వేసి, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

దగ్గర్లో పెట్ స్కాన్ గానీ మామోగ్రామ్ గానీ ఉందా? టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు ఉబ్బి స్కాన్‌లో క్యాన్సర్ పాకినట్టు కనిపించవచ్చు. అనవసరంగా బయాప్సీ దాకా వెళ్లినవాళ్లున్నారు. స్కాన్ ముందు చేయించుకుని తర్వాత టీకా వేయించుకోండి. కుదరకపోతే ఏ చేతికి ఏ రోజు టీకా పడిందో స్కాన్ చేసేవాళ్లకు చెప్పండి.

సీసా మీది స్టిక్కర్ తీసి ఫైల్లో అంటించండి. పేరు, బ్యాచ్, తేదీ అన్నీ దాని మీదే ఉంటాయి.

8. తర్వాత జ్వరం వస్తే

మామూలు మనిషికైతే "టీకా జ్వరం, రేపటికి తగ్గిపోతుంది" అనుకోవచ్చు. కీమోలో ఉన్నవాళ్ల విషయంలో అలా అనుకోకూడదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఆపైన ఉంటే, టీకా నిన్ననే వేయించినా సరే, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. తెల్ల కణాలు తక్కువున్నప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ముందుజాగ్రత్త పేరుతో టీకాకు ముందే పారాసిటమాల్ వేయకండి. అసలు జ్వరం దాని వెనక దాక్కుంటుంది. చేయి నొప్పి, ఒకరోజు నీరసం మాత్రం మామూలే.

9. ఇంట్లోవాళ్లకు వేయించండి

రోగికి టీకా ఎంత తక్కువ పనిచేస్తుందనుకుంటే, ఇంట్లోవాళ్లు అంత గట్టిగా వేయించుకోవాలి. లింఫోమా ఉన్న నాన్నగారికి ఫ్లూ టీకా వేసి, స్కూలుకెళ్లే మనవడిని వదిలేస్తే పని సగమే అయినట్టు. రోగితో కలిసి ఉండేవాళ్లందరికీ ఫ్లూ టీకా, పిల్లలకు వయసు ప్రకారం వేయాల్సినవన్నీ.

పిల్లలకు ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా నిరభ్యంతరంగా వేయించొచ్చు. ఆటలమ్మ టీకా తర్వాత బిడ్డకు పొక్కులొస్తే మాత్రం అవి ఎండేదాకా రోగికి దూరంగా ఉంచండి. పోలియో చుక్కల దగ్గర జాగ్రత్త. అది లైవ్ టీకా, బిడ్డ మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది. ఇంట్లో కీమోలోనో మార్పిడి తర్వాతో ఉన్నవాళ్లున్నారని ఏఎన్‌ఎంకు, పిల్లల డాక్టరుకు చెప్పి సూదితో వేసే పోలియో టీకా గురించి అడగండి. చుక్కలు ఇప్పటికే వేసేసి ఉంటే కంగారు వద్దు. నెల రోజులు రోగి ఆ బిడ్డ డైపర్లు మార్చకుండా, మార్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. రోటావైరస్ చుక్కలకూ ఇదే జాగ్రత్త.

ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా ఆటలమ్మ పోసి, రోగి వాళ్ల దగ్గర కూర్చుని ఉంటే, పొక్కులొచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. ముందే ఇచ్చే మందులున్నాయి.

10. కుక్క కరిస్తే ఏ లెక్కా చూడొద్దు

పైన చెప్పిన రెండు వారాలు, ఆరు నెలలు, సైకిళ్ల మధ్య అన్న లెక్కలేవీ రేబిస్ టీకాకు వర్తించవు. కీమో నిన్న ఎక్కించినా సరే, కుక్క కరిచిన రోజే మొదలవ్వాలి. గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్లతో పావుగంట కడగండి. ఆసుపత్రిలో మొదటి మాటగా క్యాన్సర్ చికిత్సలో ఉన్నామని చెప్పండి. ఎందుకంటే మామూలువాళ్లకు రక్తం రాని గీతలకు టీకా ఒక్కటే వేస్తారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఆ చిన్న గీతకు కూడా టీకాతో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీల సూది) ఇవ్వాలని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. డోసులు ఒక్కటీ తప్పించకుండా పూర్తిచేయండి. అయిపోయిన రెండు నుంచి నాలుగు వారాలకు యాంటీబాడీ పరీక్ష చేయించే వీలుందేమో అడగండి. తక్కువ వస్తే ఇంకో డోసు వేస్తారు.